నక్క వేటకు సర్దిన సంచి

నక్క వేటకు పులిహోర పనికిరాదట. మా ఆయన భానుప్రసాద్ ఆ మాట అని, నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కలిపిన డబ్బాని డైనింగ్ టేబుల్ మీద నుంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టాడు. ఇంగువ వాసన గాలిలో అరమైలు పోతుందట. మా అమ్మాయి లిఖిత పక్కనే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుని, డబ్బా గట్టు ఎక్కగానే జాబితాలో ఒక గీత కొట్టింది. పదహారేళ్ళ పిల్ల. మొన్న మొన్నటి వరకూ ఆ పులిహోర గిన్నె నాకిన పిల్ల.

అది జూన్ నెల, మొదటి శుక్రవారం. మేముండే ఈ దక్షిణపు దేశంలో జూన్ అంటే చలికాలం, మా టూంగాబీలో చలి అప్పుడే మొదలైంది. టేబుల్ మీద పరిచిన సామాను చూస్తే ఇద్దరూ సరిహద్దుకి పోతున్నట్టుంది. బైనాక్యులర్స్, రెండు మడత స్టూళ్ళు, తుపాకీ ఆనించుకునే మూడు కాళ్ళ కర్ర, ఆరెంజి టోపీలు, నీళ్ళ సీసాలు, ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా మన జాడ చెప్పే చిన్న బీకన్. రైఫిల్ మాత్రం గరాజ్‌లో ఇనప్పెట్టెలో ఉంది, దాని తాళం ఎప్పుడూ ఆయన దగ్గరే. పాము కరిస్తే చుట్టే వెడల్పాటి కట్టుగుడ్డ గురించి చాలాసేపు చర్చ జరిగింది. చలికాలంలో పాములెక్కడివి, తీసేద్దామని లిఖిత. కాలు బెణికినా అదే పనికొస్తుంది, ఉండనీమని ఆయన. చివరికి ఉంచారు. నేను తెచ్చిన శాలువా, అమృతాంజనం, వేయించిన జీడిపప్పు ఒక్కొక్కటే టేబుల్ దిగిపోయాయి. ఒక్కో వస్తువు ఎత్తి చూపించి "నీడ్ ఆర్ వాంట్?" అని ఆయన అడగడం, లిఖిత జడ్జిలా తీర్పు చెప్పడం. నా వస్తువులన్నీ వాంట్‌లోనే పడ్డాయి.

మా ఇంట్లో సామాను సర్దేది నేను. పందొమ్మిదేళ్ళుగా నేనే. ఇండియా ప్రయాణమంటే పెట్టెలు బాత్‌రూమ్ తూకం మీద ఎక్కించి ముప్పై కిలోలకు వంద గ్రాములు తక్కువకు తెప్పించేది నేను. క్యాంపింగ్‌కి పోతే పక్క గుడారం వాళ్ళు అగ్గిపెట్టె దగ్గర నుంచి జ్వరం మాత్ర దాకా అడగడానికి వచ్చేది నా దగ్గరికే. నేను సర్దిన సంచిలో ఫలానాది లేదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అలాంటిదాన్ని, ఆ సాయంత్రం నా టేబుల్ దగ్గరే నేను చుట్టంలా నిలబడ్డాను.

వేట ఎక్కడా అంటే, లిత్‌గో ఊరు దాటి ముప్పావుగంట పోతే గ్రేమ్ అనే డెబ్బయ్యేళ్ళ పెద్దాయన గొర్రెల ఫారం ఉంది. చలికాలం అక్కడ గొర్రెలు ఈనే కాలం. పుట్టిన పిల్ల తడి ఆరి నిలబడేలోపే నక్క వచ్చి ఎత్తుకుపోతుంది. మా ఆయన బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చూసుకునే మనిషి. ఇంట్లో బొద్దింక కనబడితే నన్ను పిలిచే మనిషి. రెండేళ్ళ కిందట ఆఫీసు స్నేహితుడి వెంట అక్కడికి వెళ్ళి ఈ పిచ్చి అంటించుకుని వచ్చాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. మగవాళ్ళకు ఏదో ఒక సరదా ఉండాలిలే అని ఊరుకున్నాను. ఆ జూన్‌లో లిఖిత కూడా బయలుదేరింది. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

దానికి వేరే పేర్లు పెట్టి దాచను. అసూయే. కట్టుకున్న మొగుడి మీద, కన్న కూతురి మీద ఒకేసారి అసూయపడిన ఆడదాన్ని నేనైతే ఇంకొకర్ని చూడలేదు.

పిల్ల తుపాకీ ముట్టుకోదు. దాని పని ఈల. గ్రేమ్ తన చిన్నప్పటి ఈల ఒకటి దాని చేతిలో పెట్టాడు. డబ్బా రేకు ముక్కను మధ్యకు మడిచి బెజ్జం పొడిచిన ఈల. దాన్ని పళ్ళకూ పెదవులకూ మధ్య పెట్టి ఊదితే దెబ్బ తగిలిన కుందేలు ఏడ్చినట్టు ఉంటుంది. ఆ ఏడుపు విని నక్క తిండి దొరికిందనుకుని వస్తుంది. మా ఆయన రెండేళ్ళు ఊదినా తుస్సుమనడమే తప్ప కుందేలు పలకలేదు. ఇది రెండో రోజుకే పలికించింది. ఇక తండ్రి ఆనందం చెప్పనలవి కాదు. ఇది పిలవాలి, ఆయన కొట్టాలి. జోడీ కుదిరింది.

ఇంత వరకైనా ఓర్చుకునేదాన్నేమో. శనివారం పోయింది, అదీ నా బాధ.

మా తెనాలిలో ఆడపిల్లలకు శుక్రవారం తలంటు. ఇక్కడ శుక్రవారం బడి కాబట్టి నేను దాన్ని శనివారానికి మార్చాను. లిఖితకు ఆరేళ్ళప్పటి నుంచీ ప్రతి శనివారం పొద్దున వెనక మెట్ల మీద నా కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తలకు గోరువెచ్చని కొబ్బరినూనె పట్టించేదాన్ని. గంట పట్టేది. నాకు మొహం కనబడదు కదా, అందుకేనేమో అది ఆ గంటలో అన్నీ చెప్పేది. ఎవరితో మాటలు లేవో, ఏ టీచర్ అంటే భయమో, ఏ అబ్బాయి బస్సులో పక్క సీటు ఉంచాడో. ఇది ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో ఊఁ కొట్టేదాన్ని. వారమంతా దాని ముఖంలోకి చూసి అడిగినా రాని మాటలు ఆ గంటలో వాటంతటవే వచ్చేవి.

ఆ మొదటి శనివారం నూనె గిన్నె వెచ్చచేసి పిలిస్తే గుమ్మం దగ్గరే ఆగింది.

"అమ్మా, నో ఆయిల్ టుడే. నక్కకి స్మెల్ తెలుస్తుంది. షాంపూ కూడా సెంట్ లేనిదే వాడాలి, డాడ్ సెడ్."

"సాయంత్రం కదే వేట."

"స్మెల్ స్టేస్, అమ్మా."

వారం వారం వెళ్ళరు కదా, వచ్చే శనివారం చూద్దామనుకున్నాను. వారం వారం వెళ్ళారు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఒక చిత్రం జరిగింది. మొదటిసారి తొడుక్కున్న ఆకుల రంగు జాకెట్లు నేను ఉతికి, ఆరేసి, మడతపెట్టి చలిబట్టల అరలో పెట్టాను. చలిబట్టల అరలో కలరా ఉండలు వేయని తెలుగిల్లు ఎక్కడైనా ఉంటుందా? నేను ప్రతి అరలో నాలుగేసి వేస్తాను, అరిగి చిన్నవి కాగానే కొత్తవి వేస్తాను. వాళ్ళు అవే జాకెట్లు తొడుక్కుని వెళ్ళారు. ఈల వినగానే నక్క నేరుగా వచ్చిందట. రెండు వందల గజాల్లో ఆగి, ముక్కు పైకెత్తి, వీళ్ళ వైపు చూసి, పరాయి ఇంటికి వచ్చిన మనిషిలా మర్యాదగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయిందట. ఇద్దరూ గరాజ్ దగ్గర నుంచే నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. లిఖిత జాకెట్ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, "ఇట్ స్మెల్స్ లైక్ అమ్మమ్మస్ సూట్‌కేస్" అంది. మీ అమ్మ నక్కల సంఘానికి ప్రెసిడెంటు అన్నాడాయన. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా చులకన అవుతాను కదా.

ఆ తరువాత జాకెట్లు నా అలమరలోకి రాలేదు. ప్లాస్టిక్ తొట్టిలో ఫారం నుంచి తెచ్చిన యూకలిప్టస్ ఆకులు పరిచి, వాటి మధ్య జాకెట్లు పెట్టి, తొట్టి గరాజ్‌లో ఉంచారు. మూత మీద లిఖిత మార్కర్‌తో రాసింది: "మమ్, డోంట్ టచ్." కింద నవ్వు మొహం కూడా వేసింది. ఆ నవ్వు మొహం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

జులై రెండో వారంలో మొదటి నక్క పడింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ ఒకరి నోటిలో మాట ఒకరు అందుకుంటూ చెప్పారు. ఇది ఈల ఆపింది, ఆయన కర్ర సర్దుకున్నాడు, నక్క కంచె దగ్గర కూర్చుంది, ఇది చిన్నగా ఒక్క పిలుపు పిలిచింది. దాని బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, పెదవి మీద రేకు గీరిన గాటు ఉంది. నాకు చిన్నప్పుడు మేకపిల్లలంటే ఇష్టం, గొర్రెపిల్లలు ఎలా ఉన్నాయని అడిగాను. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ కథలో ఆ ప్రశ్నకు చోటు లేదు. తరువాత నక్క పడ్డాక భయమేయలేదా అని అడిగాను.

"యూ హాడ్ టు బీ దేర్, అమ్మా," అంది లిఖిత. తప్పుగా ఏమీ అనలేదు. తరువాత చారు వేసుకుని తినేసింది కూడా.

ఆ మాట నాకు వారం రోజులు గొంతులో ముల్లులా ఉంది. ఆ శుక్రవారం నేనే అడిగాను, నేనూ వస్తానని. స్టూళ్ళు రెండే ఉన్నాయి మంగళా, చలి ఎముకల్లోకి పోతుంది, రెండు గంటలు దగ్గు కూడా దగ్గకూడదు, నీ వల్ల కాదు అని ఆయన మెల్లగా చెప్పాడు. అన్నీ నిజాలే. నిజాలు కాబట్టే ఇంకా కోపం వచ్చింది. లిఖిత ఆయనకేసి చూసి ఏదో చెప్పబోయి ఆగింది. అదేమిటో నాకు అప్పుడు తెలియలేదు.

జులై చివర గ్రేమ్ ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు, నేనూ విన్నాను. వారంలో తొమ్మిది పిల్లలు పోయాయట. ఒకటే ముసలి మగ నక్క, దాన్ని ఆయన కళ్ళారా చూశాడు. చుట్టుపక్కల ఫారాల వాళ్ళు విషపు ఎర పెడదామని పట్టుబడుతున్నారు. ఎర పెట్టాక తన కుక్కను కట్టేయాలి, ఇక ఈ కాలమంతా అక్కడ వేటకు ఎవరూ రాకూడదు. ఆయనకు ఎర ఇష్టం లేదు. ఈ శనివారం దాకా ఆగమని వాళ్ళను బతిమాలాడట. ఈ శనివారం ఆ నక్క పడితే సరే, లేకపోతే సోమవారం ఎరకు ఒప్పుకుంటూ సంతకం పెట్టేస్తాడు. చివర్లో, ఈల ఊదే పిల్ల తప్పకుండా రావాలి, ఆ ముసలిది ఇంకెవరి పిలుపుకీ రాదు అన్నాడు. లిఖిత మెడ కాస్త పొడుగైంది.

ఆ శుక్రవారం సర్దుడు ఇంకోలా జరిగింది. నవ్వులు లేవు, నీడ్ ఆర్ వాంట్ ఆట లేదు. బైనాక్యులర్స్ బరువని ఒకటే పెట్టారు. నీళ్ళు తగ్గించారు. చాక్లెట్ కాగితం చప్పుడు చేస్తుందని విప్పి గుడ్డలో చుట్టారు. అన్నీ తీసేస్తూ పోతే టేబుల్ మీద నాలుగైదు వస్తువులు మిగిలాయి. లిఖిత ఇంకా ఏదో మర్చిపోయామని తడుముకుంటోంది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి, "నువ్వున్నావు కదమ్మా. ఇంక వేరే సామానెందుకు?" అన్నాడు.

నూనె లేక ఎండిపోయిన తల అది. ఎనిమిది శనివారాలుగా నేను ముట్టుకోని తల.

వాళ్ళిద్దరూ జాకెట్లు తేవడానికి గరాజ్‌లోకి వెళ్ళారు. నేను మా గదిలోకి వెళ్ళి చలిబట్టల అర తీశాను. చేతికి వచ్చినన్ని కలరా ఉండలు, ఆరో ఏడో, నా చేతిరుమాలులో మూటకట్టి తెచ్చి సంచి అడుగు జేబులో, కట్టుగుడ్డ కింద పెట్టి జిప్పు వేశాను. అర నిమిషం పట్టింది. మతిలేక చేశానని చెప్పుకోవచ్చు. కానీ బాగా తెలిసే చేశాను. ఆ నక్క రాకూడదు, సోమవారం గ్రేమ్ సంతకం పెట్టాలి, శనివారం నాకు తిరిగి రావాలి. నాకు కావలసింది అంతే.

మరునాడు పదకొండు గంటలకు లిఖిత నన్ను పిలిచి కారు డిక్కీ చూపించింది. లోపల మూడో స్టూలు ఉంది, కొత్తది, ట్యాగు కూడా తీయలేదు. ఆ రోజు నేను వస్తానన్నప్పుడు ఆయనతో చెప్పబోయి ఆగింది ఇదేనట. తన పాకెట్ మనీతో కొనుక్కొచ్చి దాచింది. నేను తొడుక్కోవడానికి ఆకుల తొట్టిలోంచి జాకెట్ కూడా ఒకటి తీసి ఉంచింది.

"ఈ రోజు ఇంపార్టెంట్ కదా అమ్మా. ఐ వాంట్ యూ దేర్."

సంతోషం కలగాల్సిన చోట నాకు చెమట పట్టింది. సంచి అప్పటికే కారులో ఉంది. వెనక సీటులో, నా కాళ్ళ దగ్గర.

రెండు గంటల ప్రయాణం. నా పక్క కిటికీ కాస్త దించుకుని, కొండలు ఎక్కేదాకా నేను ఆ సంచికేసి చూడలేదు. లిత్‌గోలో పెట్రోల్ బంకు దగ్గర ఆపారు. ఇద్దరూ కాఫీకి లోపలికి వెళ్ళారు. నాకు అంతకంటే మంచి అవకాశం రాదు. సంచి ఒళ్ళోకి తీసుకుని అడుగు జేబు జిప్పు సగం లాగాను. అప్పుడు తల ఎత్తి చూస్తే బంకు అద్దాల్లోంచి వాళ్ళు కనిపించారు. కౌంటర్ దగ్గర నిలబడి ఆయన ఏదో అన్నాడు, ఇది పొట్ట పట్టుకుని నవ్వుతోంది. వంగిపోయి, ఆయన భుజానికి ఆనుకుని నవ్వుతోంది. ఏమన్నాడో నాకు తెలియదు. నాకు ఎప్పటికీ తెలియదు. జిప్పు మూసేశాను.

ఫారంలో మంచు ఇంకా నీడల్లో కరగలేదు. గ్రేమ్ గేటు దగ్గర మాకోసం నిలబడి ఉన్నాడు. లిఖితకు తన చేతి తొడుగులు ఇచ్చి, అదిగో ఆ వాగు పక్క పొదల్లోంచి వస్తుందని చూపించాడు. మేం ఒక పాత కంచె పక్కన, పడిపోయిన చెట్టు మొద్దు వెనక కూర్చున్నాం. మూడు స్టూళ్ళు, ఆయన కుడివైపు, నేను ఎడమవైపు, మధ్యలో అది. సంచి నా పక్కన. గాలి మా కుడి నుంచి ఎడమకు మెల్లగా వీస్తోంది. లిఖిత దుమ్ము చిటికెడు వదిలి గాలి చూసుకుంది. ఆ చూసుకోవడంలో ఎంత పెద్దరికమో. నా పిల్ల అక్కడ వేరే మనిషి. ఇంట్లో సాక్సు ఎక్కడున్నాయో తెలియని పిల్ల అక్కడ గడ్డిపోచ కదిలితే ఎందుకు కదిలిందో చెప్పగలదు.

తరువాత అది ఈల ఊదింది.

నేను బాత్‌రూమ్ తలుపు ఇవతల నుంచి విన్న చప్పుడు కాదు అది. నా ఒంటి మీద రోమాలు నిలబడ్డాయి. ఆ పొలమంతా ఏదో ఒక చిన్న ప్రాణం ఒంటరిగా ఏడుస్తోంది. గొర్రెలు మేత ఆపి తలలెత్తాయి. పదిహేను నిమిషాలకు వాగు దగ్గర ఎర్రగా ఏదో కదిలింది. ఆయన వేలు నెమ్మదిగా చూపించింది. ముసలిదే. తొందర లేకుండా, ఆగుతూ, చూస్తూ వస్తోంది. లిఖిత ఊపిరి నా పక్కనే వినబడుతోంది. నక్క మా ఎడమ పక్కకు చుట్టు తిరగడం మొదలుపెట్టింది, గాలి వాలుకు. అంటే మా మీదుగా వీచే గాలి దాని ముక్కుకు తగిలే చోటికి. రావద్దు అనుకున్నాను, వెంటనే రా అనుకున్నాను. రెండూ నిజంగానే అనుకున్నాను.

నక్క ముక్కు పైకెత్తింది. మరుక్షణం అక్కడ లేదు.

లిఖిత గంటసేపు ఊదింది. మెల్లగా, గట్టిగా, తల్లి కుందేలులా, పిల్ల కుందేలులా. పెదవి చిట్లి రక్తం వచ్చింది, ఆపలేదు. ఎండ కొండ వెనక్కి పోయింది. చివరికి ఈల చేతిలోకి తీసుకుని, "ఇట్స్ మీ, నాన్నా. నేనే సరిగ్గా చెయ్యలేదు. తొమ్మిది పిల్లలు, అండ్ ఐ కుడంట్..." అని ఆగిపోయింది. దానికి ఏడుపు వస్తే ముక్కు ముందు ఎర్రబడుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆయన దాని పెదవికి అద్దడానికి సంచిలో గుడ్డ కోసం అడుగు జేబు తెరిచాడు. చెయ్యి లోపల ఆగిపోయింది. నా రుమాలు ఆయనకు తెలుసు, అంచుకు కుట్టిన పువ్వు ఆయన వెక్కిరించిన పువ్వే. నా వైపు చూశాడు. అంతే, ఒక్కసారి. మూట పిడికిట్లో ముడిచి జాకెట్ జేబులో వేసుకున్నాడు. కానీ చలిగాలిలో ఆ వాసన ఒక్కసారిగా లేచింది.

"ఏంటా స్మెల్?" అంది లిఖిత.

"నాదేనమ్మా," అన్నాడాయన. "చలికి ఆగలేక లోపల పాత స్వెటర్ వేసుకున్నాను. అలమరలోది. చూసుకోలేదు."

లిఖిత ఆయన్ని చాలాసేపు చూసింది. తరువాత స్టూలు మడిచి కారు వైపు నడిచింది. గేటు దగ్గర గ్రేమ్ ఏం పరవాలేదమ్మా అంటే కూడా ఆగలేదు. కారులో తండ్రి పక్క సీటులో కాకుండా వెనక వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంటికి వచ్చేదాకా నా భుజం మీద తల పెట్టుకునే ఉంది. ఎండు జుట్టు నా మెడకు గుచ్చుకుంటోంది. నేను కదల్లేదు.

సోమవారం గ్రేమ్ సంతకం పెట్టాడు. ఆ కాలానికి వేట ముగిసింది.

నేను కోరుకున్నదంతా నాకు దొరికింది. తండ్రితో పిల్ల మాట్లాడటం మానేసింది. ఆయన అడిగితే ఒక్క ముక్కలో జవాబు. రూల్స్ పెట్టింది నువ్వే, తప్పింది నువ్వే అని ఒకసారి అంది, ఆయన తల ఊపాడు. శనివారం నేను పిలవకుండానే వచ్చి వెనక మెట్ల మీద కూర్చుంది. నూనె పట్టిస్తుంటే గంటంతా తండ్రి మీద ఫిర్యాదులే. హి డజంట్ ఈవెన్ కేర్ అంది. నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ అనేటప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెబితే మీరు నమ్మరు.

ఆయన నాతో ఆ విషయం ఎత్తలేదు. నాలుగు రోజులు చూసి నేనే అడిగాను, ఎందుకు చెప్పలేదని. గిన్నెలు తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"చెబితే నీతో మాట్లాడదు కదా. నాతో మాట్లాడకపోయినా నేను ఉండగలను మంగళా. నీవల్ల కాదు."

తిట్టినా బాగుండేది. ఆ మాట అని ఆయన మళ్ళీ గిన్నెలు తుడుచుకున్నాడు.

రెండో శనివారం కూడా గడిచింది. మూడో శనివారం ఆగస్టు సగానికి వచ్చింది. వెనక పెరట్లో ఆయన కారు కడుగుతున్నాడు. మేం మెట్ల మీద ఉన్నాం. లిఖిత వచ్చే ఏడు తను అసలు వెళ్ళదట, ఈల గ్రేమ్‌కి పోస్టులో పంపించేస్తుందట, తండ్రిని ఎప్పుడూ నమ్మదట. ఆయనకు వినబడేలాగే అంది. ఆయన వీపు మా వైపు ఉంది. బ్రష్ ఆగి, మళ్ళీ కదిలింది. నా లోపల మళ్ళీ ఆ హాయి లేచింది, అచ్చం వెనకటి శనివారంలాగే. దాన్ని చూసి నాకు భయమేసింది. నా వేళ్ళు దాని తలలోనే ఉన్నాయి.

"లిఖితా, ఆ వాసన మీ నాన్నది కాదు. కలరా ఉండలు సంచిలో నేను పెట్టాను. తెలిసే పెట్టాను."

దాని మెడ బిగుసుకుంది. వెనక్కి తిరగలేదు. "వై?" అంది.

"నువ్వు ఆయనతో వెళ్ళిపోతున్నావని."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

"ఆయన మీద నీకు కోపం వస్తే నాకు బాగుంటోంది. అది మంచిది కాదు."

లేచి నిలబడింది. తల సగమే నూనె అయింది, మిగతా సగం గాలికి రేగుతోంది. నా వైపు చూస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. కానీ ఆయన దగ్గరికి నడిచింది. ఇక ఇద్దరూ ఒకటైపోతారు, నేను ఈ మెట్ల మీద మిగిలిపోతాను అనుకున్నాను. దానికి సిద్ధపడే నోరు విప్పాను.

"నీకు తెలుసా?" అని అడిగింది తండ్రిని.

ఆయన బ్రష్ బకెట్‌లో వేసి నావైపు చూశాడు. నేను తల ఊపాను. తెలుసన్నాడు.

"త్రీ వీక్స్. త్రీ వీక్స్ నుంచి ఇద్దరికీ తెలుసు." తరువాతి మాటలు అచ్చ తెలుగులో వచ్చాయి. ఇంట్లో ఎంత బతిమాలినా ఇంగ్లీషు కలపకుండా నాలుగు మాటలు వరసగా మాట్లాడని పిల్ల.

"మీరిద్దరూ ఒకటే. ఎప్పుడూ మీరిద్దరే. నాకే ఏమీ చెప్పరు."

ఆ గొంతు నేను గుర్తుపట్టాను. ఆ చలికాలమంతా అద్దం ముందు, వంటింట్లో, లిత్‌గో బంకు దగ్గర, నా లోపల మాట్లాడిన గొంతే. అది పదహారేళ్ళ నా పిల్ల నోట్లోంచి వినబడింది. మేమిద్దరం దానికి ఒక జోడీలా కనిపిస్తామని, దానికి అందకుండా మేం ఏదో పంచుకుంటున్నామని అది ఎప్పుడైనా అనుకుని ఉంటుందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఆయన తడి చేతులతో వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నేను కాస్త పక్కకు జరిగి మా మధ్య చోటు చేశాను. అది కూర్చోలేదు. చేతులు కట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ, మా ఎదురుగా చాలాసేపు నిలబడింది. కానీ లోపలికి కూడా వెళ్ళలేదు.